అడవి దారిలో అత్త కుక్కలు

పోయిన నెల మా అమ్మాయి కవిత కౌలాలంపూర్ నుంచి వచ్చి, క్లాంగ్‌లో మా ఇంటి ముందు కారు ఆపింది. కారు వెనక చిన్న తెల్లటి ట్రైలర్ తగిలించి ఉంది. తలుపు తీసి లోపల చూపించింది. మనిషి కాళ్ళు చాపుకునేంత మంచం, గోడకి మడిచిపెట్టే బల్ల, గ్యాసు పొయ్యి. కవిత పెంపుడు కుక్కలు రెండూ అప్పటికే మంచమెక్కి కూర్చుని, ఆ ఇల్లు తమదే అన్నట్టు నా వైపు చూస్తున్నాయి. "బాగుందే" అన్నాను. "సెలవు పెట్టినానమ్మా. వీటిని తీసుకుని కెలాంతన్ సముద్రం దాకా పోయొస్తాను. అక్కడ హోటళ్ళలో కుక్కల్ని రానివ్వరు గదా, అందుకే ఇది. గెరిక్ మీంచి అడవి రోడ్డులో పోతే దగ్గర లా" అంది ఇక్కడి యాసలో. అంతవరకూ బాగానే ఉన్నాను. అడవి రోడ్డు అనగానే గేటు పట్టుకుని నిలబడ్డాను. నాకు ఒంట్లో చక్కెర తగ్గిందనుకుని అది లోపలికి పరుగెత్తి చక్కెర నీళ్ళు తెచ్చింది. చక్కెర కాదు, భయం. ఆ రోడ్డు మీద పుట్టి, ఇన్నేళ్ళుగా నాతోనే ఉన్న భయం.

భయం మా ఇంట్లో కొత్త కాదు. నాన్న కౌలా సెలంగోర్ దగ్గర ఒక రబ్బరు తోట ఆఫీసులో గుమాస్తా. ఆయనంత భయస్తుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. సాయంకాలం ఆఫీసు నుంచి వచ్చి, స్నానం చేసి, నుదుటికి తలనొప్పి తైలం రాసుకుని, ఇల్లంతా ఒక చుట్టు తిరిగేవాడు. కిరసనాయిల్ పొయ్యి దగ్గర వంగి వాసన చూసేవాడు. కిటికీ గడియలు వేలితో తట్టి చూసేవాడు. వీధి తలుపు గడియ పెట్టి, నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి చూసేవాడు. "అది ఎక్కడికీ పారిపోదు గాని, వచ్చి అన్నం తిను" అనేది అమ్మ. ఉరుము ఉరిమితే అద్దం మీద తువ్వాలు కప్పేవాడు. పాత కారు ఒకటి ఉండేది. దాన్ని క్లాంగ్ దాటి ఎన్నడూ తీసుకెళ్ళలేదు, ప్రతి మలుపులోనూ హారన్ కొట్టేవాడు. రబ్బరు పాలు పులిసిన వాసన, అమ్మ తాలింపు వాసన, నాన్న తైలం వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇంట్లో సాయంత్రం అయినట్టు. ఆ తైలం వాసన ఘాటుగా ఉన్న రోజున ఎక్కడో ఏదో చెడ్డ కబురు విన్నాడని మాకు తెలిసిపోయేది.

ఆయన అక్క, అంటే మా అత్త, పెళ్ళయి కెలాంతన్‌లో లోపలి రబ్బరు తోటకి వెళ్ళిపోయింది. మావయ్య ఆ తోటలో ఫిట్టరు. వాళ్ళకి పిల్లల్లేరు. రెండు కుక్కలుండేవి. రాజా అని నల్లటి పెద్దది, బుల్లి అని గోధుమరంగు చిన్నది. మావయ్య తీరిక దొరికినప్పుడల్లా పలకలూ రేకులూ పోగేసి, పాత కారు చక్రాలు వేసి, ఒక చిన్న ట్రైలర్ కట్టాడు. అందులో రెండు బల్లమంచాలు, కిటికీలకు అత్త కుట్టిన పువ్వుల తెరలు. ఎప్పటికైనా కారు కొని, అత్తనీ కుక్కల్నీ ఎక్కించుకుని దేశం చుట్టాలని ఆయన కోరిక. కారు కొనకుండానే పోయాడు. పొద్దున్న పనికి వెళ్ళినవాడు మధ్యాహ్నానికి శవమై వచ్చాడు, గుండె ఆగిందన్నారు. దినాలయ్యాక తోటవాళ్ళు ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. నాన్న రమ్మని కబురు పంపితే అత్త ఒకటే మాట చెప్పి పంపింది: కుక్కలు లేకుండా రాను. బస్సులో కుక్కల్ని ఎక్కించరు, రైల్లోనూ ఎక్కించరు.

రెండు రోజులు నాన్న అన్నం సరిగా తినలేదు. మూడోరోజు కారుకి ఆయిల్ మార్పించి, వెనకాల కొక్కెం పెట్టించాడు. తమ్ముడికి జ్వరంగా ఉండడంతో అమ్మ ఇంట్లో ఉండిపోయింది. నాన్నకి మలాయ్ భాష అంతంతమాత్రం, నాకు బళ్ళో చదువే అది. బడికి సెలవులు. అందుకని నన్ను తీసుకెళ్ళాడు. అప్పుడే పెద్దమనిషినైన పిల్లని నేను. వెనక సీటులో కూర్చుని, సముద్రపు ఒడ్డున ఉన్న రోడ్డు పట్టుకుని, ఈ మూల నుంచి ఆ మూలకి దేశం దాటాను. వెళ్ళేటప్పుడు ఎండ కాసింది. నాన్న పాట కూడా పాడాడు. మేం చేరిన మర్నాటి నుంచి వాన మొదలైంది. ఆ వైపు ఏడాది చివర వచ్చే వానకి మేం ఎరిగిన వానతో పోలిక లేదు. ఆకాశం ఊడి మీద పడుతున్నట్టు కురిసింది. అత్త ఇంటి రేకుల కింద మేం ఒకరి మాట ఒకరికి వినపడక సైగలు చేసుకున్నాం. రాజా మాత్రం వానలోనే వెళ్ళి, మావయ్య పనిచేసిన షెడ్డు గుమ్మంలో పడుకుని, చీకటి పడ్డాక వచ్చేది.

బయల్దేరే రోజున తోటవాళ్ళు చెప్పారు, సముద్రం వైపు రోడ్డంతా వరద కింద ఉందని. మిగిలింది ఒక్కటే దారి, అడవి మధ్య కొత్తగా వేసిన కొండరోడ్డు. దాని గురించి అందరూ గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. అడవిలో ఇంకా సర్కారు మీద తిరగబడ్డ తుపాకుల దళాలున్నాయని, ఆ రోడ్డు వేస్తుండగా మనుషులు చచ్చారని, ఏనుగులూ పులులూ పట్టపగలే తిరుగుతాయని. సాయంకాలం కాగానే రెండువైపులా గేట్లు మూసేసేవారు. లోపల చిక్కుకుంటే తెల్లారేదాకా అడవే. నాన్న కారు బానెట్ మీద చెయ్యేసి చాలాసేపు నిలబడ్డాడు. "అప్పా, వరద తీసేదాకా ఆగుదామా?" అని అక్కని అడిగాడు. "ఇల్లు ఇయ్యాలే ఒగ్గీమన్నారు తమ్ముడూ. ఎక్కడాగుతాం?" అంది అత్త. నాన్న తైలం సీసా తీసి నుదుటికి రాసుకున్నాడు. తరవాత మెడకీ రాసుకున్నాడు.

జెలి అనే ఊరి వైపు గేటు దగ్గర ఇసుకబస్తాల వెనక నుంచి ఒక సైనికుడు వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. నాన్నని "పాక్‌చిక్" అన్నాడు, బాబాయి అన్నట్టు. చీకటి పడేలోగా అవతలి గేటు దాటాలని, ఎక్కడా ఆగవద్దని చెప్పాడు. "పెద్దాయన రోడ్డు మీద కనపడితే హారన్ కొట్టకండి, లైట్లు వెయ్యకండి. దూరంగా ఆగి, ఆయన వెళ్ళేదాకా చూడండి. అడవిలో ఆయన్ని పేరు పెట్టి పిలవం, తోక్ అంటాం" అన్నాడు. తోక్ అంటే తాత. ఏనుగు గురించి చెబుతున్నాడని నాకు తెలిసింది. నాన్నకి తెలుగులో చెప్పాను. ఆయన సైనికుడికేసి తల ఊపి, నాతో మెల్లగా, "హారన్ కొట్టకుండా మలుపు ఎలాగ తిరుగుతాం?" అన్నాడు.

కుక్కల్ని, కారుకి తగిలించిన మావయ్య ట్రైలర్లో కట్టేశాం. అత్త ముందు సీటులో, నేను వెనక. రోడ్డు ఎక్కుతూనే ఉంది. ఒకవైపు కోసిన కొండ, దాని ఎర్రమట్టి కరిగి రోడ్డు మీదికి కారుతోంది. రెండోవైపు ఏమీ లేదు, తెల్లటి మంచు మాత్రం. ట్రైలర్ బరువుకి కారు మూలిగేది. కాస్త దూరం పోగానే బానెట్ కింద నుంచి ఆవిరి. ఆగవద్దన్న చోట ఆగి, కొండమీంచి పడే నీళ్ళు పట్టి పోసి, మళ్ళీ బయల్దేరేవాళ్ళం. అలా ఆగిన ప్రతిసారీ ఇంజను చప్పుడు పోయి అడవి చప్పుడు చెవుల్లోకి దిగేది. ఎక్కడో వెదుళ్ళు ఫటామని విరిగేవి. మనిషి విరిచాడా, మరొకటి విరిచిందా అన్నది తెలీదు. అత్త పెదవులు కదులుతున్నాయి, జపం చేస్తోంది. నాన్న మెడ మీద చెమట చూస్తూ కూర్చున్నాను నేను. పిల్లలకి చీకటన్నా జంతువులన్నా ఉండే భయం వేరు. నడిపించే పెద్దమనిషి భయపడుతున్నాడని తెలిసినప్పుడు కలిగే భయం వేరు. అది ఆ రోజే తెలిసింది నాకు.

పొద్దు వాలుతుండగా ఒక మలుపు తిరిగేసరికి వాళ్ళున్నారు. ముందు నేను బండరాళ్ళనుకున్నాను. ఒక రాయి చెవులు విదిలించింది. నాలుగైదు ఉంటాయి, కాళ్ళ మధ్య ఒక గున్న. నాన్న బ్రేకు తొక్కాడు. ఇంజను దానంతటదే ఆగిపోయింది. వెనక్కి పోదామన్నా ట్రైలర్ ఉంది, మలుపుంది, లోయ ఉంది. నాన్న వెనక్కి తిరిగి నాకేసి చూశాడు. ఆ చూపులో, ఇప్పుడేం చెయ్యాలో చెప్పు అన్న ప్రశ్న ఉంది.

గాలి మళ్ళింది. వెనక ట్రైలర్లో బుల్లి మొరిగింది. దాంతోపాటు రాజా అందుకుంది. ఏనుగులన్నీ ఒక్కసారి మా వైపు తిరిగాయి. గున్నని వెనక్కి నెట్టి ఒక పెద్ద ఆడ ఏనుగు ముందుకొచ్చింది. నాన్న గుసగుసగా, "ట్రైలర్ ఇప్పేస్తాను అప్పా. ఒగ్గేసి పోదాం" అన్నాడు. అత్త ఆయన వైపు చూడలేదు. కారు తలుపు తీసుకుని దిగింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, పరుగెత్తకుండా, వెనక్కి నడిచి, ట్రైలర్ తలుపు తీసి లోపలికెళ్ళి మూసుకుంది. మొరుగుడు ఆగిపోయింది. రెండిటి మూతులూ చేతులతో పట్టుకుని కూర్చుందట, తరవాత చెప్పింది.

"కింద పడుకో పాపా" అన్నాడు నాన్న. సీటు కింద ముడుచుకున్నాను. అడుగుల చప్పుడు వినపడలేదు నాకు. అంత పెద్ద జంతువు నడుస్తుంటే చప్పుడే లేదు. కారు కొంచెం పక్కకి ఊగింది. కిటికీ అవతల ముడతలు పడ్డ బూడిదరంగు చర్మం నింపాదిగా సాగిపోవడం కనపడింది. పచ్చిగడ్డీ పేడా కలిసిన వేడి వాసన. అది కారుని దాటి వెనక్కి వెళ్ళింది. తరవాత ట్రైలర్ అద్దం పగిలింది, పలక విరిగింది. లోపల అరటిగెల ఉంది, బియ్యం మూట ఉంది. వాటికోసం తొండం లోపల పెట్టింది. లోపల మా అత్త ఉంది.

అప్పుడు నాన్న తలుపు తీసిన చప్పుడైంది. తల ఎత్తి చూశాను. ఇంట్లో బల్లి మీద పడితే స్నానం చేసే మా నాన్న, చెప్పులు లేకుండా, తడి రోడ్డు మీద నిలబడి, రెండు చేతులూ జోడించి ఆ ఏనుగుతో మాట్లాడుతున్నాడు. సైనికుడు చెప్పిన మలాయ్ మాట ఒక్కటే గుర్తుంది కాబోలు, మిగతాదంతా తెలుగే. "తోక్, మా అప్ప లోపలున్నాది తాతా. మొన్ననే మొగుడు పోయినాడు దానికి. దాన్నేటీ సెయ్యకు. బియ్యం కావాలా, తినేయి. అరటిపళ్ళున్నాయి, తినేయి. మాకేటీ వద్దు. మేం దారి తప్పొచ్చినోళ్ళం కాదు, ఇంటికెళ్ళేవోళ్ళం." ఆఫీసులో దొర ముందు మాట్లాడే గొంతే. వణుకుతూనే ఉంది, ఆగకుండా సాగుతూనే ఉంది. ఏనుగు తొండం బయటికి తీసి ఆయన వైపు తిరిగింది. నేను కళ్ళు మూసుకున్నాను.

తెరిచేసరికి ఏదో నల్లగా కారు పక్కనుంచి దూసుకుపోయింది. విరిగిన పలక సందులోంచి రాజా దూకింది. మెడకి తెగిన తాడు ముక్క. మొరగలేదు, ఎవరినీ కరవలేదు. ఒట్టి భయంతో, దారి కనపడిన వైపు, దిగువకి అడవిలోకి పరుగెత్తింది. ఆడ ఏనుగు ఘీంకరించి దాని వెనక పడింది. మిగతావి గున్నని మధ్యలో పెట్టుకుని ఆ పల్లంలోకే దిగిపోయాయి. వెదుళ్ళు విరిగే చప్పుడు చాలా దూరం వినపడింది. తరవాత అదీ లేదు. రోడ్డు మీద బియ్యం చెల్లాచెదురుగా పడుంది.

నాన్న ఉన్నచోటే కూలబడ్డాడు. అత్త బయటికొచ్చింది. మోచేతి మీద గాజు గీరి నెత్తురు కారుతోంది, చంకలో బుల్లి. రోడ్డు అంచుకి వెళ్ళి, "రాజా, ఓ రాజా" అని పిలవడం మొదలుపెట్టింది. వెలుతురు పోతోంది. అంతలో సైన్యం ట్రక్కు వచ్చింది, రోడ్డు మీద మిగిలిపోయిన బళ్ళని వెళ్ళగొట్టుకుంటూ. కుక్క ఉండిపోయిందని చెప్పాను. వాళ్ళ నాయకుడు తల అడ్డంగా ఊపి, "కుక్క కోసం నలుగుర్ని చంపుకోం. ఎక్కండి" అన్నాడు. వాళ్ళే కారుని తోసి స్టార్ట్ చేయించి, మా వెనకే వచ్చారు. అవతలి గెరిక్ గేటు దాకా అత్త కిటికీలోంచి తల బయటపెట్టి పిలుస్తూనే ఉంది. గేటు దాటాక పిలవడం మానేసింది. దానికే నాకు ఎక్కువ భయమేసింది.

ఆ రాత్రి గెరిక్‌లో ఒక టీకొట్టు పెద్దాయన వసారాలో చోటిచ్చాడు. తెల్లవారి లేచేసరికి నాన్న కారులో నీళ్ళు పోస్తున్నాడు. ట్రైలర్ విప్పి పక్కన పెట్టాడు. ఎందుకని అడిగితే, "నువ్వు, అత్త ఇక్కడుండండి. గేటు తీస్తన్నారు. నానెళ్ళి సూసొస్తాను" అన్నాడు. మొహం పాలిపోయి ఉంది. "ఒద్దు తమ్ముడూ. పోయింది పోయింది. పిల్లుంది నీకు" అంది అత్త. ఆయన వినలేదు. చివరికి ముగ్గురం ఎక్కాం. ఆయన్ని ఒక్కణ్ణీ పంపడానికి మాకు ధైర్యం చాలలేదు.

ఆ పొద్దుటి ప్రయాణం నాకు ముందు రోజుకంటే ఘోరంగా గుర్తుంది. నిన్న ఏముంటుందో తెలీక భయం, ఇవాళ తెలిసి. ప్రతి మలుపు ముందూ నాన్న కారుని నడకలోకి దింపి, మెడ చాపి చూసి, ఊపిరి బిగబట్టి తిరిగేవాడు. ఒక్క హారన్ కొట్టలేదు. ఒకచోట రోడ్డు మీద ఇంకా పొగలు కక్కుతున్న ఏనుగు పేడ ఉంటే, ఆపి, కాసేపు స్టీరింగ్ మీద నుదురు ఆనించాడు. వెనక్కి తిప్పుతాడనుకున్నాను. తిప్పలేదు.

బియ్యం చెదిరిన చోట రోడ్డు మధ్యలో రాజా కూర్చుని ఉంది. ఒళ్ళంతా బురద, జలగలు, వెనకకాలు నేల మోపడం లేదు. మేం దాన్ని వదిలిన చోటికే వచ్చి కూర్చుంది. కారు చూసి లేవలేదు, తోక మాత్రం నేలమీద కొట్టింది. అత్త దాన్ని కౌగిలించుకుని, మావయ్య కోసం కూడా మా ముందు ఏడవని ఏడుపు ఏడ్చింది. నాన్న పక్కన నిలబడి రెండువైపులా అడవిని చూస్తూ, "తొరగా అప్పా, ఏడుపు కార్లో ఏడుద్దువు గాని" అన్నాడు.

అత్త మా ఇంట్లో ఇరవై ఏళ్ళకి పైగా బతికింది. కుక్కలు రెండూ ముసలివై మా ఇంట్లోనే పోయాయి. నాన్న ఏమీ మారలేదు. అడవిలో ఏనుగుతో మాట్లాడిన మనిషి, ఇంటికొచ్చిన సాయంత్రమే పొయ్యి వాసన చూశాడు, గడియలు తట్టాడు. ఎన్నో ఏళ్ళ తరవాత, ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని అడిగాను, "రెండోసారి ఎలా వెళ్ళావు నాన్నా, నీకు భయం వెయ్యలేదా?" అని. "ఎందుకెయ్యదు? పేనం పోయినట్టే అయింది" అన్నాడు. "రాత్రంతా మీ అత్త ఏడవకుండా కూకున్నాది, నువ్వు నిద్దరోయినావు. అదలా కూకుంటే నాను సూడలేకపోయినాను" అన్నాడు.

ఇదంతా కవితకి భోజనం దగ్గర చెప్పాను. తాతని అది ఎరగదు. మధ్యలో ఒకసారి కూడా ఫోను చూడలేదు. చివర్న, "నువ్వూ రామ్మా" అంది. వద్దని చెప్పడానికి నోరు తెరిచి, ఏం బట్టలు పెట్టుకోవాలని అడిగాను.

ఇప్పుడా రోడ్డుకి గేట్లు లేవు. తుపాకుల దళాలు లేవు. ఏనుగులు కింద నుంచి నడిచిపోవడానికి పెద్ద వంతెన కట్టారు, పసుపు పలకల మీద వాటి బొమ్మలు వేశారు. సీటు బెల్టులు, చల్లగాలి, దారి చెప్పే ఫోను అన్నీ ఉన్నాయి. మేం లేనివాళ్ళం, వీళ్ళు ఉన్నవాళ్ళు, వీళ్ళకేం భయం అని మనసుకి చెప్పుకుంటూ గెరిక్ దాకా వచ్చాను. ఊరు దాటి, కొండ మొదటి ఎత్తు కనపడగానే, కవిత కారు పక్కకి తీసి ఆపింది. ఎదురుగా కొండల మీద మంచు. ఫోనులో సిగ్నల్ పోయింది.

"ఏటయింది?" అన్నాను.

అది రోడ్డుకేసే చూస్తూ, "ఇంట్లో చెప్పలేదు గాని అమ్మా, ఈ ట్రైలర్ కొన్నప్పట్నించీ నాకు నిద్ర లేదు. చాలా భయంగా ఉంది" అంది.

ముప్పై ఏళ్ళు పెంచాను దాన్ని. ఆ మాట దాని నోట ఎన్నడూ వినలేదు. భయపడకని చెబుదామనుకున్నాను. అది అబద్ధమవుతుంది.

"నాకూ అలాగే ఉన్నాది" అన్నాను. "మెల్లిగా పోనీ."